మూడు వేళ్లు పట్టేంత నోరు

ఆ ఆదివారం మా ఇంట్లో బోటీ కూర. నేను బోటీ వండితే మా క్వార్టర్ల లైనులో ఇద్దరు ముగ్గురు గిన్నెలు పట్టుకుని వస్తారు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా వంటకు అప్పటిదాకా ఎవరూ వంక పెట్టలేదని తెలియడానికి చెబుతున్నాను. మా ఆయన రాజలింగం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కళ్ల నిండా నీళ్లు. గ్లాసు నీళ్లు గటగటా తాగేసి కంచం పక్కకు జరిపాడు.

"ఏందే స్వరూపా, గింత కారం పోసినవ్? నోరంత మండుతుంది."

"ఎప్పుడు ఏసేటంతనే ఏసిన. నీ నోటికేమొచ్చిందో చూస్కో," అన్నాను.

మా అత్త పక్కనే కూర్చుని, నోట్లో మిగిలిన కొద్ది పళ్లతో కమ్మగా తింటోంది. "కారం యాడుందిరా? సప్పగనే ఉంది," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల కాపురంలో నా కూర వదిలేసి లేచిన మనిషి కాదు. తర్వాత ఆదివారం కావాలనే కారం సగానికి తగ్గించాను. అదీ తినలేకపోయాడు. ఆ తర్వాత పప్పు మీదికి వచ్చాడు, అక్కడి నుంచి పెరుగన్నం మీదికి. గోదావరిఖనిలో చప్పటి కూరలు వండే ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. బయట తిని వస్తున్నాడేమోనని కూడా అనుమానపడ్డాను. కానీ మనిషి చిక్కిపోతున్నాడు, బయట తినేవాడు చిక్కిపోడు కదా.

ఒక సాయంత్రం చౌరస్తా దగ్గర పానీపూరీ తింటున్నాం. నేను ఒక్కోటి నోట్లో వేసుకుంటున్నాను. ఆయన పూరీని నోటి దగ్గర పెట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి కొరికాడు. నీళ్లన్నీ చొక్కా మీద పడ్డాయి. బండి దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను.

"నోరు తెర్వరాదు? చిన్న పిలగానివా?"

"తెరుస్తనే ఉన్ననే. గింతనే తెరుసుకుంటుంది."

నవ్వు ఆగిపోయింది. అక్కడే బండి లైటు వెలుగులో నోరు తెరవమన్నాను. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఒక వేలు పట్టేంత సందు. అంతకంటే తెరుచుకోలేదు. తెరవబోతే చెవి దగ్గర గుంజుతోందన్నాడు.

డాక్టరుకు చూపించుకోమని పోరు పెట్టాను. "జ్ఞానదంతం వస్తుందేమో, అదే పోతది," అన్నాడు. ఆ వయసులో జ్ఞానం వస్తే సంతోషమే కానీ రాలేదు. వచ్చింది వేరే.

మా ఆయన భూగర్భ గనిలో సపోర్ట్‌మన్. మా దగ్గర గనిని బాయి అంటాం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా బోల్టులు, దిమ్మలు పెట్టే పని ఆయనది. బాయిలో గ్యాసు ఉంటుంది కాబట్టి బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోనివ్వరు. దిగే ముందు జేబులు తడిమి చూస్తారు. అందుకని పొగ తాగేవాళ్లు తక్కువ, దవడకు పెట్టుకునేవాళ్లు ఎక్కువ. వక్కపొడీ జర్దా కలిపిన పొట్లం ఒకటి షిఫ్టు మొదట్లో బుగ్గన పెడితే పైకి వచ్చేదాకా అక్కడే. దానికి వాళ్లు చెప్పే కారణం ఇంకొకటి ఉంది. బొగ్గు దుమ్మంతా ఆ వక్కకు అంటుకుంటుందట, ఉమ్మేస్తే పోతుందట, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటాయట. బాయిలోనే పనిచేసిన మా మామ కూడా అదే చెప్పేవాడు. మా ఆయనకు బాయిలో మొదటి రోజు పొట్లం చేతిలో పెట్టింది ఆయన గ్యాంగులోని సత్తన్న. ప్రేమగానే పెట్టాడు. మందు ఇచ్చినట్టు ఇచ్చాడు.

అసలు సంగతి రిఫ్రెషర్ ట్రైనింగులో బయటపడింది. బాయిలో దిగే ప్రతి మనిషి నడుముకు ఒక డబ్బా కట్టుకుంటాడు. సెల్ఫ్ రెస్క్యూయర్ అంటారు. లోపల పొగ గానీ విషవాయువు గానీ కమ్మితే డబ్బా తెరిచి, అందులోని రబ్బరు మౌత్‌పీస్‌ను నోట్లో పెట్టుకుని పళ్లతో కరిచి పట్టుకోవాలి. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని దాంట్లోంచే గాలి పీలుస్తూ బయటికి నడవాలి. దాన్ని ఎట్లా వాడాలో ఎప్పటికప్పుడు ట్రైనింగులో చేయించి చూస్తారు. అందరూ పెట్టుకున్నారు. మా ఆయన నోట్లోకి అది పోలేదు. పక్కకు తిప్పి దూర్చబోతే పెదవి చిట్లింది.

ట్రైనింగ్ ఆఫీసరు మంచిగానే చెప్పాడట. "రాజలింగం, నోరు తెరుచుకునేదాకా నువ్వు కిందికి దిగొద్దు. పోయి దవాఖానల చూపించుకో."

కంపెనీ దవాఖానలోని డెంటల్ డాక్టరు టార్చి వేసి ఒక్క చూపు చూసింది. బుగ్గ లోపల వేలితో నొక్కింది. "ఇది పన్ను సంగతి కాదు. ఓఎస్ఎంఎఫ్ లాగ ఉంది. మ్యాక్సిలోఫేషియల్ సర్జన్, అంటే దవడలకు, మొఖానికి ఆపరేషన్ చేసే పండ్ల డాక్టరు చూడాలి," అని కరీంనగర్ వైపు ఒక డెంటల్ కాలేజీకి రాసిచ్చింది.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా అత్త కొట్టిపారేసింది. "పండ్ల డాక్టరు పన్ను పీకాలె. మొఖానికి ఆపరేషన్ చేసుడేంది? నేను ఇన్నేండ్ల సంది వక్క నములుతలేనా? చూడు నా నోరు," అని పెద్దగా తెరిచి చూపించింది. నిజమే, ఆమె నోరు బాగానే తెరుచుకుంటుంది. ఆ సంగతి లైను మొత్తానికీ తెలుసు. కానీ ఆమె అన్నం తిన్నాక ఒక పలుకు నమిలి ఉమ్మే మనిషి, షిఫ్టు షిఫ్టంతా బుగ్గన పెట్టుకునే మనిషి కాదు.

డెంటల్ కాలేజీలో మమ్మల్ని మొదట చూసింది పీజీ చేస్తున్న అమ్మాయి. సనా అని పేరు. తెల్లకోటు, తలకు చున్నీ. మేము గోదావరిఖని నుంచి అనగానే ముఖం వెలిగిపోయింది.

"మాది మీ పక్క బసంత్‌నగరే అక్కా! మా అబ్బా, అంటే మా నాయిన, లారీ మెకానిక్. అబ్బా ఇంజన్లు ఇప్పుతడు, నేను దవడలు ఇప్పుత," అని నవ్వింది.

ఆ నవ్వుతో నాకు సగం భయం పోయింది. చిన్న స్కేలు పెట్టి సందు కొలిచింది. నాలుక బయటికి చాపమంది, అది కూడా సరిగ్గా రాలేదు. బుగ్గలు ఊదమంది, ఈల వేయమంది. ఒకప్పుడు బజారు ఆ చివర నుంచి ఈల వేసి నన్ను పిలిచే మనిషికి ఇప్పుడు గాలి తప్ప ఇంకేం రాలేదు.

"లోపల బుగ్గ మెత్తగ సాగాలె అన్నా. నీది తెల్లగై బిగుసుకపోయింది. లోపల దారాల లెక్క బ్యాండ్స్ కట్టినయ్. వక్కతోని వస్తది. ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటరు."

"వక్క పెట్టుకుంటె దుమ్ము లోపలికి పోదు కదా మేడం, గందుకని..." అన్నాడాయన.

"నువ్వు గాలి పీల్చేది ముక్కుతోని అన్నా. వక్క ఉండేది బుగ్గల. దుమ్ము దాని దగ్గరికి ఎందుకొస్తది?"

మా ఆయన నోరు తెరుచుకునేదే అయితే ఆ మాటకు ఇంత పెద్దగా తెరుచుకుని ఉండేది. మామ నుంచి కొడుకు దాకా నడిచిన నమ్మకం ఒక్క మాటతో పోయింది.

మా అత్త అడగమన్న ప్రశ్న నేను మొహమాటపడుతూనే అడిగాను. మీరు పళ్ల డాక్టర్లా, ఆపరేషన్ డాక్టర్లా అని. సనా ఏమీ అనుకోలేదు.

"రెండూనక్కా. ఐదేండ్లు పండ్ల చదువు, బీడీఎస్. దాని మీద మూడేండ్లు సర్జరీ చదువు, ఎండీఎస్. బండి మీదికెళ్లి పడి దవడ పలిగినోళ్లు, చెంప ఎముక లోపలికి పోయినోళ్లు, నోట్ల గడ్డలు, పెదవి చీలి పుట్టిన పిల్లలు, అందరు మా దగ్గరికే వస్తరు. ఫస్టియర్ల మేకతలకాయల మీద నేర్చుకుంటం. దవడ పలగ్గొట్టి, మల్ల ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తం."

ఇంటికొచ్చి చెబితే మా అత్తకు ఆ చదువంతటిలో ఒక్కటే ముఖ్యంగా కనిపించింది. "మరి ఆ తలకాయలు తర్వాత ఏం జేస్తరట?" పారేస్తారట అన్నాను. చాలాసేపు బాధపడింది.

ఆ రోజే కాలేజీలో వాళ్ల ప్రొఫెసర్ సార్ కూడా వచ్చి చూశాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఏం పని చేస్తావు, ఇక్కడికి ఎట్లా వచ్చావు అని అడిగాడు. మా ఆయన మౌత్‌పీస్ సంగతంతా చెప్పాడు. సార్ విని పెన్ను కింద పెట్టాడు.

"నోరు ఎప్పటి నుంచి ఇట్లా ఉంది?"

"పోయిన ఎండాకాలం సంది సార్."

"అప్పటి నుంచి రోజూ కిందికి దిగుతున్నావా?"

"దిగుతున్న సార్."

"ఆ డబ్బా కట్టుకునే దిగావు కదా. మధ్యలో ఒకరోజు పొగ వచ్చి ఉంటే?"

మా ఆయన చెయ్యి నడుము మీదికి, డబ్బా కట్టుకునే చోటికి పోయింది. రోజూ పొద్దున టిఫిన్ గిన్నె ఇచ్చి, నడుముకు డబ్బా ఉంది కదా, ఏమీ కాదులే అనుకుని పంపిన దాన్ని నేను. ఉన్నది ఉత్త ఇనుప డబ్బా. అందరూ దాన్ని కరిచి పట్టుకుని నడిచి వచ్చేస్తే ఈయనొక్కడు చేతిలో పట్టుకుని నిలబడిపోయేవాడు. ఏ ప్రమాదమూ జరగలేదు, అయినా నాకు ఆ గదిలో ఏడుపు వచ్చింది. సనా మంచినీళ్లు ఇచ్చింది.

బయాప్సీ చేశారు. బుగ్గ లోపల నుంచి చిన్న ముక్క తీసి పంపారు. ఈ జబ్బు కొందరిలో క్యాన్సరుగా మారవచ్చని, అందుకే చూస్తున్నామని దాచకుండా చెప్పారు. ఆ రిపోర్టు వచ్చేదాకా నేను కుట్టిన జాకెట్లన్నీ మళ్లీ విప్పి కుట్టాల్సి వచ్చింది. నేను ఇంట్లో బట్టలు కుడతాను. చేతులు మిషను మీద, మనసు కరీంనగర్‌లో. ఒకామెకు రెండు చేతులూ ఎడమవైపువే కుట్టేశాను.

రిపోర్టు మంచిగా వచ్చింది. క్యాన్సరు లేదు, ఫైబ్రోసిస్ మాత్రమే. తిరుగు బస్సులో ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. బస్సులో అట్లా ఎన్నడూ పడుకునే మనిషి కాదు.

మొదట మందులతోనే ప్రయత్నించారు. వారం వారం బుగ్గల లోపల ఇంజెక్షన్లు, రోజూ క్యాప్సూల్స్, నోటి ఎక్సర్‌సైజులు. వక్క, జర్దా పూర్తిగా బంద్. ఆయనకు ఆ రోజుల్లో బాయి పైన ల్యాంప్ రూములో డ్యూటీ వేశారు. దిగేవాళ్లకు కిటికీలోంచి ల్యాంపులు, ఆ డబ్బాలు అందించే పని. నిజం చెప్పనా, నాకు ఆ ల్యాంప్ రూము ఎంతో నచ్చింది. వెలుతురు, ఫ్యాను, కాలు జారేది లేదు, పైకప్పు కూలేది లేదు. ఇట్లాగే ఉండిపోతే ఎంత బాగుండు అనుకున్నాను. ఆయనకు మాత్రం అన్నం సయించలేదు.

"అందరికి డబ్బాలిచ్చి నేను ఫ్యాను కింద కూసునుడేందే? సత్తన్న పక్కన కొత్తోన్ని ఏసిండ్రు. వానికి బోల్టు సక్కగ పట్టరాదు."

వక్క మానడం అంత సులభం కాలేదు. చిరాకు, తలనొప్పి, ఊరికే కోపం. లవంగం బుగ్గన పెట్టుకుని ఉండేవాడు. సత్తన్న కిటికీ దగ్గరికి వచ్చి అలవాటు కొద్దీ పొట్లం చాపితే ఈయన పొట్లం వదిలి చెయ్యి పట్టుకున్నాడట.

"అన్నా, ముందుగాల నీ మూడు వేళ్లు నిలువుగ నోట్ల పెట్టు. పడితెనే నీకు ల్యాంపిస్త."

సనా నేర్పిన పరీక్ష అది. ఎవరి నోరైనా వాళ్ల మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టేంత తెరుచుకోవాలి. సత్తన్న నవ్వుతూ పెట్టుకున్నాడు. రెండే పట్టాయి. మూడోది దూర్చబోయి నవ్వు ఆపేశాడు. మరుసటి వారం కరీంనగర్ బస్సులో మాతో పాటు సత్తన్న కూడా ఉన్నాడు. ఆయనది మొదట్లోనే దొరికింది కాబట్టి ఇంజెక్షన్లతోనే బాగుపడింది. ల్యాంప్ రూము కిటికీ దగ్గర ఆ వేళ్ల ఆట అప్పటి నుంచి మొదలైంది. కుర్రవాళ్లు నవ్వుకుంటూనే పెట్టుకునేవారట.

మా ఆయనకు మాత్రం ఇంజెక్షన్లతో మంట తగ్గింది కానీ నోరు పెద్దగా తెరుచుకోలేదు. చలికాలం వచ్చేసరికి సార్ ఆపరేషన్ మాట ఎత్తాడు. "బ్యాండ్స్ బాగా ముదిరాయి. రిలీజ్ చేయాల్సిందే," అన్నాడు. ఏం చేస్తారో నాకు బొమ్మ గీసి చెప్పింది సనా. బుగ్గ లోపల బిగిసిన బ్యాండ్లను కోసి విడదీస్తారు. ఖాళీ అయిన చోట బుగ్గలోనే ఉండే కొవ్వును కిందికి లాగి కప్పుతారు. ఆ అతుకుకు ఒరుసుకోకుండా చివరి దంతాలు తీసేస్తారు.

"అర్థమైంది. చంకల పట్టేసిన జాకెట్టు కుట్టు విప్పి, దాని మార్జిన్ గుడ్డతోనే అతుకేసుడు," అన్నాను.

"అచ్చం గట్లనే అక్కా!" అంది.

మత్తు ఇవ్వడమే కష్టమన్నారు. నోరు తెరుచుకోదు కాబట్టి శ్వాస గొట్టం నోట్లోంచి వేయలేరు. మనిషి మెలకువగా ఉండగానే ముక్కులోంచి కెమెరా గొట్టం పంపి, దాని మీదుగా వేయాలి. ఆపరేషన్ పొద్దున ఆయన చెయ్యి చల్లగా ఉంది. స్ట్రెచర్ మీద ఉండి, "పోయొస్త," అన్నాడు. బాయికి పోయేటప్పుడు రోజూ అనే మాటే. నేను రోజూ చెప్పే జాగ్రత్తే చెప్పాను, "పైలం."

తలుపు బయట మా అత్తా నేనూ కూర్చున్నాం. ఆమె కొంగుకు కట్టుకున్న వక్కల సంచి విప్పింది. ఒక పలుకు తీసింది, చూసింది, మళ్లీ సంచిలో వేసింది. లేచి పోయి చెత్తబుట్టలో సంచి మొత్తం పడేసి వచ్చి కూర్చుంది. "ఆడు లోపల గట్ల పండుకుంటె నేను ఈడ నములుకుంట కూసుంటనా?" అంది. పెళ్లై వచ్చిన నాటి నుంచి ఆ సంచి లేకుండా ఆమెను చూడలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. మేమిద్దరం చేతులు పట్టుకునే అత్తాకోడళ్లం కాదు.

మధ్యాహ్నం దాటాక సనా బయటికి వచ్చింది. మాస్కు కిందికి లాగి మూడు వేళ్లు చూపించింది. "టేబుల్ మీద మూడు పట్టినయక్కా! ఎడమ బుగ్గ కుట్లు నేనే ఏసిన. సార్ పక్కన నిలవడి ఏయించిండు. గింత పెద్ద కేసుల నాకు గిదే మొదటిసారి."

మొదటిసారి అనే మాట ఆపరేషన్‌కు ముందు చెప్పనందుకు ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

కొన్నాళ్లు ముక్కులోని సన్న గొట్టంతోనే జావ, పాలు, పప్పు నీళ్లు. ముఖం గుమ్మడికాయ అంత వాచింది. మాట్లాడకూడదు కాబట్టి సైగలు. ఆ వారమంతా దవాఖానలో నేను ఏది అన్నా కాదనే మనిషి లేడు, హాయిగా గడిచింది. వాపు తగ్గగానే అసలు పని మొదలైంది. ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టగా పేర్చి పళ్ల మధ్య పెట్టాలి. కాసేపు అట్లాగే ఉంచాలి. తట్టుకోగలిగినప్పుడు మధ్యలో ఇంకో పుల్ల దూర్చాలి. రోజులో చాలాసార్లు.

దవాఖానలో ఉన్నన్ని రోజులు సనా ముందర చేశాడు. ఇంటికి వచ్చాక నొప్పికి తాళలేక ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు. నేను అడిగితే చేశాను అనేవాడు. చెకప్‌కు పోయినప్పుడు సనా స్కేలు పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది. ఆపరేషన్ బల్ల మీద మూడు వేళ్లు పట్టిన నోరు రెండు వేళ్ల లోపలికి వచ్చేసింది.

ఆ అమ్మాయి కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు, స్కేలు ఆయన చేతిలో పెట్టింది. "అన్నా, ఆపరేషన్ సగమే మాది. మిగతా సగం నీది. మేము ఇప్పినదాన్ని నువ్వు మల్ల కుట్టుకుంటున్నవ్. ఇట్లనే ఉంటె లోపల మల్ల బిగుస్తది. మల్ల కొయ్యాలంటె గింత సులువు కాదు."

తిరుగు దారంతా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. ఇల్లు చేరాక పుల్లల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పెట్టే. నాతోని కాదు. నేను వద్దన్నా తియ్యకు," అన్నాడు. బాయిలో ఎన్ని దెబ్బలు తగిలినా అమ్మా అనని మనిషి ఆ మాట అనేసరికి నాకు ఎంతో ముద్దొచ్చాడు.

మా పద్ధతి మేము కనుక్కున్నాం. నా మిషను పక్కన కుర్చీ వేశాను. నేను ఒక జాకెట్టు చేతులు కుట్టేదాకా పుల్లలు నోట్లో ఉండాలి. మిషను ఆగితేనే తీయాలి. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నేను చూడకుండా కుట్టేదాన్ని. చూస్తే ఆపేస్తానని తెలుసు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు జడుసుకునేవాళ్లు. అందుకని ముఖం మీద తువ్వాల కప్పుకునేవాడు. మా అత్త సోంపు నములుతూ గుమ్మంలో కాపలా. "ఒక్క పుల్ల దూర్చురా, ఒక్కటంటె ఒక్కటి," అని అరిచేది. ఆ సీజనులో కుట్టిన జాకెట్లకు వంక పెట్టిన మనిషి లేదు. కుట్టు నిదానంగా, నున్నగా పడింది. త్వరగా కుడితే ఆయనకు లాభం, నిదానంగా కుడితే నోటికి లాభం. నేను నోటి పక్షమే.

నోరు మెల్లమెల్లగా వచ్చింది. రెండు వేళ్లు, రెండున్నర. ఒక చెకప్ రోజు సార్, "ఆ మౌత్‌పీస్ ఎంత ఉంటుందో నాకు చూపించగలవా?" అన్నాడు. సత్తన్న ట్రైనింగ్ సెంటరులో అడిగి, నేర్పడానికి వాడే పాతదాన్ని తెచ్చి ఇచ్చాడు. కరీంనగర్ తీసుకుపోయాం. సార్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు, సనాకు ఇచ్చాడు, మిగతా పీజీలందరూ గుమిగూడారు. మా ఆయన తన పాఠం తాను చెప్పాడు. డబ్బా ఎట్లా తెరవాలి, రబ్బరు అంచు పెదవులకూ పళ్లకూ మధ్య ఎట్లా కూర్చోవాలి, ఎక్కడ కరవాలి అని. తర్వాత నోరు తెరిచాడు. ఒక పక్క తట్టుకుంది. కాస్త దించి మళ్లీ పెట్టాడు. లోపలికి పోయింది. పెదవులు మూసుకున్నాయి. ముక్కు తానే పట్టుకుని కళ్లు పెద్దవి చేసి నా వైపు చూశాడు.

సనా చప్పట్లు కొట్టింది. సార్ తలుపు దగ్గర ఆగి, "సనా, ఎడమ బుగ్గ కుట్లు బాగున్నాయి," అని వెళ్లిపోయాడు. తక్కువ మాట్లాడే మనిషి అన్నాను కదా. ఆ అమ్మాయి ఆ రోజంతా నేల మీద నడవలేదు.

మూడు వేళ్లూ పట్టి, మెడికల్‌లో ఫిట్ ఇచ్చాక మళ్లీ రిఫ్రెషర్ ట్రైనింగు పెట్టారు. నేను ఇంట్లో మిషను ముందు కూర్చుని ఉత్త పెడలే తొక్కుతున్నాను. సత్తన్న నుంచి ఫోనులో ఫోటో వచ్చింది. ముక్కుకు క్లిప్పు, నోటి నిండా రబ్బరు, ఉబ్బిన కళ్లు, పక్కన నవ్వుతున్న మనుషులు. మా ఆయన దిగిన ఫోటోలన్నిటిలోకీ అంత వికారమైనది లేదు. అప్పటి నుంచి నా ఫోను తెర మీద అదే ఉంది. పెళ్లి ఫోటో తీసేసి పెట్టాను.

ఇప్పుడు ఆయన మళ్లీ పొద్దుటి షిఫ్టుకు బాయిలో దిగుతున్నాడు. బోటీ కూర తింటాడు కానీ కారం సగమే. నేను రెండు గిన్నెల్లో వండుతాను, మా అత్తకు కారంది, ఆమె కొడుక్కు చప్పటిది. పానీపూరీ మొత్తంగా నోట్లో వేసుకుంటాడు, పెద్ద చప్పుడు చేస్తాడు, బండి అతను మమ్మల్ని చూడగానే పక్కన జాగా ఇస్తాడు. ఈల పూర్తిగా రాలేదు. సగం వస్తుంది, సగం గాలి. ఆ సగం నాకు వినపడుతుంది. కొన్ని నెలలకొకసారి చెకప్‌కు పోతాం, ఇక ఎన్నేళ్లైనా పోతూనే ఉండాలన్నారు. పుల్లల కట్ట ఇప్పటికీ మిషను మీదే ఉంటుంది. సనా చదువు అయిపోయి వేరే ఊళ్లో దవాఖానలో చేరింది. పండుగలకు ఫోను చేస్తుంది, మొదట నేనెట్లా ఉన్నానని అడగదు, "అన్న నోరు ఎంత?" అని అడుగుతుంది.

ఆయన బాయిలో దిగుతుంటే భయం లేదా అంటే ఉంది. ల్యాంప్ రూము గుర్తుకొస్తుంది. కానీ పాత భయం వేరు, ఇది వేరు. నడుముకున్న డబ్బా ఇప్పుడు నిజంగా ఆయనది.

మీ ఇంట్లో బాయికి పోయే మనిషి గానీ, వక్క, గుట్కా నమిలే మనిషి గానీ ఉంటే నేను చెప్పేది ఒక్కటే. కారం మండుతోందంటే వంటకు వంక అనుకోకండి. మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోమనండి. పట్టకపోతే పళ్ల డాక్టరే కదా అని వాయిదా వేయకుండా చూపించండి. మా ఇంట్లో రోజూ పొద్దున ఇదే తంతు. టిఫిన్ గిన్నె నా చేతిలో ఉంటుంది, ఆయన గుమ్మంలో నిలబడి మూడు వేళ్లు నోట్లో పెట్టుకుంటాడు. ఎదురింటివాళ్లు చూసి నవ్వుతారు. నేను వంగి వేళ్లు చూస్తాను. చూశాకే గిన్నె ఇస్తాను.